పల్లానికి పారే పుణ్యం

పశ్చిమ డెల్టాలో మా ఊరంత శుభ్రమైన ఊరు మరొకటి లేదని నేనంటే, సొంత ఊరి మీద మమకారం అనుకుంటారు. అందుకే పేరు చెప్పను. చెప్పకపోయినా ఇబ్బంది లేదు. భీమవరంలో నరసాపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్న ఏ పెద్దమనిషైనా, ముక్కు చెప్పిన చోట దిగిపోతే చాలు. అది మా ఊరే అయ్యుంటుంది. కాకపోయినా తేడా తెలియదు.

ఆ మధ్య పైనుంచి ఒక ఆఫీసరుగారు వచ్చి, సర్వే ఫారంలో ‘మురుగునీటి శుద్ధి’ అన్న గడిలో ‘లేదు’ అని రాసుకుని వెళ్లిపోయారు. చదువుకున్న మనిషే, చూపే కాస్త పొట్టి. ఆయన దృష్టిలో శుద్ధి అంటే ఊరవతల నాలుగు సిమెంటు తొట్లు, ఓ మోటారు షెడ్డు, తాళంచెవి పట్టుకు తిరిగే ఆపరేటరు. అలాంటివి ఉన్నచోట ఏమవుతుందో ఆయనకు మాత్రం తెలియదా? మోటారు కాలిపోతుంది, ఆపరేటరుకు జీతం ఆగిపోతుంది, తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. మా ఊరికి ఆ బెడద లేదు. కేంద్రమే లేదు కనుక అది చెడిపోయే ప్రమాదమూ లేదు. ఊరు ఊరంతా శుద్ధి పనిలోనే ఉంది. ప్రతి ఇంటి గోడలోంచి ఒక పైపు, ప్రతి పైపు కింద ఒక కాలవ, ప్రతి కాలవకూ ఒక పక్కిల్లు. నీళ్లు మన గడప దాటి పక్కింటి హద్దులో అడుగుపెట్టగానే శుద్ధి అయిపోయినట్టే. ఇంత చవకైన విధానం ఇంతవరకు ఏ ఇంజనీరూ కనిపెట్టలేదు.

ముందు ముడిసరుకు సంగతి చెప్పాలి. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించినప్పుడు పల్లెటూళ్లో మనిషికి రోజుకు 55 లీటర్లు కుళాయి ద్వారా ఇస్తామన్నారు. మా ఊరి జనం మూడు వేలని లెక్కవేసుకోండి. రోజుకు 1,65,000 లీటర్లు. తాగింది, ఆరిపోయింది, మొక్కకు పోసింది పోగా, మూడొంతుల్లో రెండొంతులకు తగ్గకుండా వంటింటి తూములోంచీ స్నానాలగదిలోంచీ బయటికి వస్తుంది. అంటే రోజూ లక్ష లీటర్ల పైమాట. ఇచ్చేటప్పుడు లీటర్ల లెక్కన ఇచ్చారు. కుళాయి దగ్గర బిందె పెట్టించి ఫోటో తీసుకున్నారు. వాడుకున్నాక ఆ లక్ష లీటర్లు ఎటు పోయాయని అడగడం మర్యాద కాదని ఎవరూ అడగలేదు. కుళాయి తిప్పిన రోజున కొబ్బరికాయ కొట్టారు, శిలాఫలకం వేశారు. ఆ ఫలకం మీద పేరున్న పెద్దల్లో ఒక్కరు కూడా మురుగు కాలవ మీద తమ పేరు చెక్కమని కోరకపోవడం వాళ్ల నిరాడంబరతకు నిదర్శనం.

అధికారం లేక కాదు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ చేసి, పదకొండో షెడ్యూలు పెట్టి, 29 విషయాలు పంచాయతీలకు చెందుతాయన్నారు. అందులో 11వది తాగునీరు, 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఢిల్లీలో కూర్చున్నవాళ్లు ఈ రెంటినీ అంత ఎడంగా పెట్టారు. మా పంచాయతీ రెంటినీ ఒకే కాలవలో కలిపింది.

పూర్వం మా ఊరు ఇంత ఉదారంగా ఉండేది కాదు. మా మామ్మ సంగతే చెబుతాను. నూతి పక్కన స్నానాలకొక నాపరాయి, దాని పక్కనుంచి జానెడు వెడల్పు బోదె, బోదె చివర చక్కెరకేళి పిలకలు, వాటి నీడన చేమదుంపలు, ఇంకాస్త తడి మిగిలితే పొన్నగంటికూర. బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకి. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు అరటి మొదట్లోకి. ఒక్క చుక్క పెరడు దాటనిచ్చేది కాదు. ఎంత స్వార్థం! ఇరుగుపొరుగు కోసం ఒక్క చెంబుడు మురుగైనా వదిలిన పాపాన పోలేదు. మన్ను వడగడుతుందనీ, మన్నులో ఉన్న సూక్ష్మజీవులు జిడ్డునీ సబ్బునీ తినేస్తాయనీ, వేళ్లు మిగతాది పీల్చుకుంటాయనీ ఇవాళ నిపుణులు బొమ్మలు వేసి చెబుతున్నారు. గులకరాళ్ల గుంతల్లో మెట్టతామర నాటమంటున్నారు. మా మామ్మ ఆ పాఠం చదవలేదు. ఏడాదికి నాలుగు గెలలు మాత్రం కోసేది.

ఇప్పుడు పెరడన్నది లేదు. పెరట్లో అద్దెకో పోర్షను వేశాం, వాకిట్లో టైల్సు పరిచాం, గోడ మొదలు దాకా సిమెంటు పోశాం. వీధికి సిమెంటు రోడ్డు వచ్చింది. సిమెంటు రోడ్డు మా ఊళ్లో ఒకసారి వచ్చి ఊరుకోదు, మళ్లీ మళ్లీ వస్తుంది. పాతది తవ్వితే ఖర్చని దాని మీదే కొత్తది పోస్తారు. ప్రతిసారీ రోడ్డు ఆరంగుళాలు లేస్తుంది, ఇల్లు ఆరంగుళాలు కుంగుతుంది. దానికి జతగా సైడు కాలవ కూడా లేస్తుంది. డెల్టాలో వాలు అంగుళాల్లో దొరికే సరుకు. లెవెలు పెట్టి చూసుకుంటే తప్ప నీళ్లు ఎటు నడవాలో వాటికే తెలియదు. మా కాలవ కట్టిన కాంట్రాక్టరుగారు నీళ్ల స్వేచ్ఛలో జోక్యం చేసుకునే మనిషి కాదు. అందుచేత మా వీధిలో కాలవ అడుగు కొన్ని గుమ్మాల కన్నా ఎత్తున ఉంది. ఆషాఢం వానలకు ఆ ఇళ్ల నీళ్లు ఊరంతా తిరిగి, కన్నవారిని మరవకుండా, అదే బాత్రూము తూములోంచి ఇంట్లోకి వస్తాయి. ఇక కాలవ మీద ర్యాంపుల సంగతి. కారున్నవాడు కారు కోసం వేశాడు, లేనివాడు రేపు అల్లుడికి ఉంటుందని వేశాడు. పలకల కింద కాలవ ఎవరి కంటా పడకుండా ఘోషాలో ఉంది. లోపల ఏం పేరుకుందో చూసే వీల్లేదు కనుక లోపల ఏమీ లేనట్టే.

మా వీధి పెద్దాయన్ని ఊరంతా బాబాయిగారంటారు. ఆయన సెప్టిక్ ట్యాంకు గురించి చెప్పకపోతే ఈ స్తోత్రం పూర్తికాదు.

“బాబాయిగారూ, ట్యాంకు ఎప్పుడు కట్టించారు?”

“మా పెద్దమ్మాయి పెళ్లప్పుడు. ఇరవై రెండేళ్లు నడుస్తున్నాయి.”

“ఎన్నిసార్లు తోడించారు?”

“తోడించడమా? నిండితే గదరా అబ్బాయ్! మేస్త్రీ చేతి మహిమ. ఈ రోజుల్లో అట్లాంటి పని ఎవడు చేస్తాడు?”

నిజమే. మామూలు ట్యాంకు నిండుతుంది. బరువైనది అడుక్కి దిగి మడ్డి కడుతుంది, తేలికైనది పైన తెట్టులా తేలుతుంది, మధ్యనున్న నీళ్లు ఒకటి రెండు రోజులు నిలిచి బయటికి నడుస్తాయి. ఆ నడిచిన నీళ్లలో రోగక్రిములు ఇంకా బతికే ఉంటాయి కనుక వాటిని ఇంకుడు గుంతలోకి పంపాలి. అడుగున చేరిన మడ్డిని రెండు మూడేళ్లకోసారి లారీ పిలిపించి తోడించాలి. ఇదంతా పుస్తకంలో ట్యాంకు. బాబాయిగారి ట్యాంకు పురాణంలోది. ద్రౌపది అక్షయపాత్రలో పెట్టింది తరగదు, ఈయన ట్యాంకులో వేసింది నిలవదు. ప్రహరీ అడుగున, మందారం చెట్టు చాటున, నాలుగంగుళాల పైపు ఒకటి కాలవలోకి తల వంచి ఉంటుంది. దాని మూతి చుట్టూ నల్లటి జిగురు, ఆ జిగురు మీద సన్నటి ఎర్రపురుగులు కదులుతుంటాయి. వేకువన నాలుగున్నర నుంచి ఆరింటి దాకా ఆ పైపు బాగా పనిచేస్తుంది. బాబాయిగారు అదే సమయంలో వరండాలో నిలబడి సూర్యనమస్కారాలు చేసుకుంటారు. రెండు క్రియలూ ఒకదానికొకటి అడ్డురావు.

ఆయన్ని ఒక్కణ్ణే పొగిడితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు. స్వచ్ఛ భారత్ రోజుల్లో రెండు గుంతల మరుగుదొడ్లు వచ్చాయి. ఒక గుంత నిండాక నీళ్లను రెండోదాంట్లోకి మళ్లించి, మొదటిది ఏడాదిన్నర రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది వాసన లేని ఎరువవుతుందట. మా ఊళ్లో కొన్ని ఇళ్లలో రెండు గుంతలనూ ఒకేసారి తెరిచేశారు, దేన్నీ చిన్నబుచ్చకూడదని. ఇంకొన్నిచోట్ల రెండో గుంతకు మూత మాత్రమే ఉంది. మూత ఎత్తితే నేల. బిల్లు ప్రకారం గుంత ఉన్నట్టే, కనుక గుంత అనవసరం.

ఇంకుడు గుంతలు కూడా వచ్చాయి. ఇది తెలంగాణలో, రాయలసీమలో, నేల ఎండి నోరు తెరుచుకునే చోట మంచి విద్య. గుంతలో పెద్దరాళ్లు, కంకర, ఇసుక వరసగా వేస్తే ఇంటి వాడకం నీళ్లు మన్నులోకి దిగిపోతాయి. మహారాష్ట్ర నాందేడు జిల్లాలో ఊళ్లకు ఊళ్లు ఇంటింటికీ గుంత తవ్వుకుని, వీధి కాలవలనే లేకుండా చేసి, దోమల్ని తరిమేశాయి. మా దగ్గర గడ్డపలుగు నాలుగు పోట్లు వేస్తే ఊటనీరు వస్తుంది. కింద పొడినేల లేకుండా గుంత ఇంకదు, పైగా బోరునీళ్లలో కలుస్తుంది. ఈ తేడా రాష్ట్రానికంతటికీ ఒకే డ్రాయింగు పంపేవాళ్లకు అనవసరం, లక్ష్యం అంకెలో ఉంది కనుక. మావాళ్లు తవ్వారు. ఊట వచ్చింది. ఊట పైకి రాకముందే ఫోటో తీసి, అక్షాంశ రేఖాంశాలతో సహా పంపారు. ఆ ఫోటోలో గుంత ఎంత లోతుగా, ఎంత పొడిగా ఉంటుందంటే, చూసినవాడికి ఇంకిపోవాలనిపిస్తుంది. మర్నాటికి అది నీళ్లగుంత, వారానికి దోమలగుంత, నెలకు మున్సబుగారి గేదెల గుంత.

ఇక అసలు కథ, కాలవ చివరి మజిలీ. ఊరి మురుగంతా శివాలయం వెనక వీధి మీదుగా, రామాలయం ఖానా కింద నుంచి, స్కూలు గోడ పక్కగా నడిచి నడిచి ఎస్సీ కాలనీలో తేలుతుంది. ఎందుకంటే వాలు అటే. ఎప్పుడు అడిగినా ఎవరైనా ఇదే చెబుతారు: “మనం ఏం చేస్తామండీ, వాలు అటే ఉంది గదా!” కరెక్టే. వందేళ్ల కింద ఊరు పుట్టినప్పుడు మెరక మీద ఎవరు కట్టుకున్నారు, పల్లం ఎవరికి మిగిలింది అన్నది భూమ్యాకర్షణ శాస్త్రానికి సంబంధించిన విషయం. దాంట్లో కులాన్ని వెతికేవాళ్లు న్యూటన్ని అవమానిస్తున్నారు.

మా ఊళ్లో పంపకం లేదనే నింద ఒకటి చాలాకాలంగా ఉంది. పొలం పంచలేదనీ, చెరువులో చేపల పాట పంచలేదనీ, గుడి ముందు పంక్తి పంచలేదనీ అంటుంటారు. వచ్చి చూడమనండి. వంటింట్లో మిగిలిన పప్పునీళ్లు, రాజుగారింటి షాంపూ, కోమటిగారి కొట్టు కడిగిన నూనె, పాలకేంద్రం డబ్బాలు కడిగిన నీళ్లు, బాబాయిగారి వేకువజాము ప్రసాదం, అన్నీ దాచుకోకుండా, తూకం వేయకుండా, రోజూ, పండగపూట రెట్టింపుగా, కాలనీ గడపల దాకా తీసుకెళ్లి దింపుతున్నాం. కాలనీ మొదటింట్లో ఒక ముసలమ్మ ఉంది. గుమ్మానికి అడ్డంగా రెండడుగుల ఎత్తున ఇటికల కట్ట కట్టించుకుంది. లోపలికి రావాలంటే ఆ కట్ట మీంచి కాలు ఎత్తి దాటాలి, మోకాళ్ల నొప్పులతో ఆవిడ దాన్ని పట్టుకుని కూర్చుని అవతలికి జరుగుతుంది. ఊరు ఇంత ఇస్తుంటే వద్దని గోడ కట్టుకునేవాళ్లను ఏమనాలి?

పైగా ఉపాధి కూడా అక్కడికే ఇచ్చాం. ఊళ్లో సైడు కాలవల్లో పూడిక తీసేది ఆ కాలనీ కుర్రాళ్లే. వాళ్లను ఒకప్పుడు గ్రీన్ అంబాసిడర్లన్నారు. 2021లో క్లాప్ అనే పారిశుద్ధ్య కార్యక్రమం వచ్చాక క్లాప్ మిత్రలన్నారు. పేరు మారినప్పుడల్లా కొత్త చొక్కా వచ్చింది. జీతం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా చొక్కా రంగు మాత్రం తెలిసేది. చేతికి గ్లవుజులు ఫోటో రోజున ఇచ్చి, పాడైపోతాయని ఆఫీసు బీరువాలో భద్రపరిచారు. వాళ్లు ఎగువన పూడిక తీస్తే నీళ్లు జోరుగా నడుస్తాయి. జోరుగా నడిచిన నీళ్లు ఎక్కడికి చేరతాయో వాళ్లకు మనం చెప్పక్కర్లేదు, సాయంత్రం ఇంటికెళ్లేసరికి తామే చూసుకుంటారు. సొంత పని ఫలితం సొంత గుమ్మంలో చూసుకునే భాగ్యం ఏ ఉద్యోగికి దక్కుతుంది? తీసిన పూడిక కాలవ గట్టు మీదే కుప్పపోస్తారు. ఎత్తుకెళ్లడానికి ట్రాక్టరు వస్తుందంటారు. ట్రాక్టరు కన్నా వాన ముందొస్తుంది. కుప్ప కాలవలోకి దిగిపోతుంది. మళ్లీ పని దొరుకుతుంది.

2013 చట్టం ఒకటుంది. మనిషి చేత మలం ఎత్తించకూడదంటుంది. అపరిశుభ్రమైన మరుగుదొడ్ల మలం పడే బహిరంగ కాలవను చేత్తో శుభ్రం చేయించడం కూడా అందులోకే వస్తుందని స్పష్టంగా రాశారు. మా ఊరికి ఆ చట్టం వర్తించదు. మా కాలవలో మలం ఎక్కడిది? ఊళ్లో అన్నీ సెప్టిక్ ట్యాంకులే. అవేమో నిండవు.

మావాళ్లకు నీటి గురించి తెలియదని మాత్రం ఎవరూ అనకండి, నేను ఊరుకోను. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి ఈ జిల్లా రైతు చదివినంత నీటి శాస్త్రం యూనివర్సిటీలో కూడా చదవరు. మా అన్నయ్య వరసాయన ఒకడు పదోతరగతి తప్పాడు. రాత్రి రెండింటికి లేచి, టార్చి పట్టుకుని, చెరువు గట్టు మీద నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో మీటరు ముంచి చూస్తాడు. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుందనీ, రాత్రయితే అదే నాచు పీల్చుకుంటుందనీ, తెల్లవారుజామున గండమనీ ఆయనకు తెలుసు. అందుకే ఆ వేళకు ఏరియేటర్లు తిప్పుతాడు. అమోనియా, నైట్రైట్, క్షారత, విబ్రియో క్రిముల లెక్క అన్నీ బాటిల్లో పట్టుకెళ్లి భీమవరం ల్యాబులో చూపిస్తాడు. రొయ్య మీసం ఎర్రబడితే అన్నం ముట్టడు. ఇదే మనిషి ఇంటికి వస్తే, పిల్లలు తాగే కుళాయి నీళ్లు ఒక్కసారైనా బాటిల్లో పట్టాడా? పట్టలేదు. కొడుక్కి రెండు వారాలు టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా పట్టలేదు. “పిల్లలన్నాక జొరాలు రావేంట్రా” అన్నాడు. నిగ్రహం అంటే అది. రొయ్య కిలోల్లో అమ్ముడవుతుంది కనుక దానికి శాస్త్రం, పిల్లవాడు అమ్ముడవడు కనుక వాడికి దేవుడు.

కాలవ నీళ్లను కూడా ఎవరూ కొలవలేదు. మురుగును నదిలోకో డ్రెయిన్లోకో వదలాలంటే, అందులోని కుళ్లును సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి పట్టే ఆక్సిజన్ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని దేశంలో ఒక నియమం ఉంది. మా ఊరు ఆ నియమాన్ని ఒక్కసారి కూడా ఉల్లంఘించినట్టు రికార్డు లేదు. రికార్డే లేదు.

దోమల విషయంలో మేం చాలా ఎంపికగా ఉంటాం. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని అనాఫిలిస్ దోమ పొట్టలో పట్టుకున్నాడని గొప్పగా చెప్పుకుంటారు. ఆ దోమకు ఒక మోస్తరు తేట నీళ్లు కావాలి. అలాంటి సుకుమారికి మా కాలవలో స్థానం లేదు. మాది క్యూలెక్స్. చిక్కటి మురుగులో పుట్టి, చీకటి పడ్డాక పనిలోకి దిగే కష్టజీవి. బోదకాలును గోదావరి జిల్లాలకు తరతరాలుగా అందించింది అదే. ఏటేటా బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచారు, మింగాం. దోమ పుట్టే కాలవను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, వచ్చే ఏడు మాత్రలు ఎవరికివ్వాలి మరి?

ఓపిక లేని ఊళ్లు ఏవో తంటాలు పడుతున్నాయి. పంజాబులో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే ఆయన 2000లో కాలీ బేయీ నదిని బాగుచేయడానికి జనంతో కలిసి తానే బురదలో దిగాడు. ఊళ్ల మురుగును వరసగా రెండు మూడు బావుల్లో తేర్చి, చెరువులో ఎండకు నిలవపెట్టి, పొలాలకు పారించే పద్ధతి ప్రచారం చేశాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. చూశారా, కాలవ దగ్గర తిరిగితే ఎంత దూరం వెళ్లాల్సి వచ్చిందో! ఇంకుడు గుంత పనికిరాని మాలాంటి చోట కూడా వరస చెరువులు పనికొస్తాయట. లోతు చెరువులో మడ్డి దిగుతుంది, దాని పక్క లోతు తక్కువ చెరువులో నాచూ ఎండా కలిసి ఆక్సిజన్ నింపుతాయి, ఆఖరి చెరువులో ఎండకే క్రిములు చస్తాయి. మోటారు అక్కర్లేదు. చెరువు తవ్వడం, నీరు నిలపడం, నాచు పట్టించడం మాకంటే తెలిసినవాళ్లు ఆంధ్రదేశంలో లేరు. కానీ మా పంచాయతీ చెరువు చేపలకు పాట పెట్టాం. పాటదారుడు మనవాడే. పోరంబోకు పల్లం ఒకటి ఉండేది, అది కూడా చెరువే అయింది, రొయ్యలది. డబ్బుకూ కొదవ లేదు. స్వచ్ఛ భారత్ రెండో దశలో అయిదు వేల లోపు జనాభా ఊళ్లకు వాడకపు నీటి నిర్వహణకని తలకు 280 రూపాయల దాకా పెట్టారు. మూడు వేల మందికి 8,40,000. తలకు 280 అంటే పెద్ద సైజు రొయ్యలు కిలో కూడా రావు. మనిషి మురుగును రొయ్య కన్నా చవగ్గా చూడటం మాకు నచ్చలేదు. అందుకని ఆ సొమ్ముతో కాలవను ఇంకో రెండు వందల గజాలు పొడిగించాం.

ఇంత చేశాక బిరుదు రాకుండా ఉంటుందా? బహిర్భూమి రహిత గ్రామాల్లో పైమెట్ల వాటికి ఉదయమాన్, ఉజ్వల్, ఉత్కృష్ట్ అని మూడు హోదాలు పెట్టారు. మావాళ్లు మొదటి రెండూ లెక్కచేయలేదు. ఉత్కృష్ట్‌కు కావలసినవాటిలో కొన్ని: నిలవ మురుగు కంటికి పెద్దగా కనిపించకూడదు, చెత్త పెద్దగా కనిపించకూడదు, గోడల మీద పారిశుద్ధ్య సందేశాలు రాసి ఉండాలి. కనిపించకపోవడానికి ర్యాంపులున్నాయి. సందేశాలు రాయించాం. స్కూలు గోడ మీద నీలం రంగులో ‘స్వచ్ఛతే మా ఊపిరి’ అని ఉంటుంది. ‘ఊ’కీ ‘పి’కీ మధ్య పక్కింటి స్నానాలగది పైపు బయటికొస్తుంది. పెయింటరు నేర్పరి, పైపు చుట్టూ పువ్వు వేసేశాడు. రోజూ ఉదయం ఏడింటికి ఆ పువ్వులోంచి సబ్బునురగ వస్తుంది. పరిశీలకులు పువ్వు బాగుందన్నారు.

కాలవను పొడిగించినప్పుడు కాలనీ కుర్రాళ్లు గ్రామసభలో లేచారు. సర్పంచిగారు శాంతమూర్తి. “మీ గుమ్మాల ముందు ఆగకుండా అవతలికి పోయేటట్టు ఏర్పాటు చేస్తాం గదా, ఇంకేం కావాలి?” అన్నారు. అవతల అంటే ఏమిటని ఒక పిల్ల అడిగింది, డిగ్రీ చదువుతోంది. పంట కాలవ. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకు నీళ్లు పారించాక, మెరక మీంచి సాగునీటి కాలవలు, పల్లంలోంచి మురుగు డ్రెయిన్లు అని రెండు వరసలు ఏర్పడ్డాయి. డ్రెయిను దాకా పైపు వేయాలంటే ఇద్దరు రైతుల చేల గట్లు అడ్డం. ఆ ఇద్దరూ సర్పంచిగారికి కావలసినవాళ్లు. పంట కాలవకు గట్టూ లేదు, ఓటూ లేదు. తీర్మానం ఏకగ్రీవమైంది. చేతులు ఎత్తనివాళ్లను లెక్కపెట్టే అలవాటు మా సభలో లేదు.

“ఆ కాలవ నీళ్లేగా దిగువూరు మంచినీళ్ల చెరువులోకి తోడుకునేది? వేసవిలో కాలవ కట్టేసే ముందు నింపుకోరూ?” అని ఆ పిల్లే మళ్లీ అడిగింది.

“వాళ్లకు ఫిల్టరు బెడ్డు ఉందమ్మా” అన్నారు సర్పంచిగారు. “పైగా ఇప్పుడందరూ ఆర్వో టిన్నులే తాగుతున్నారు.”

ఆర్వో ప్లాంటు మా ఊళ్లోనూ ఉంది. ఇరవై లీటర్ల టిన్ను నింపేటప్పుడు అంతకు తగ్గకుండా ఉప్పునీళ్లు వెనక పైపులోంచి కాలవలోకే పోతాయి. మంచిని వేరుచేసి మనం తాగుతాం, చెడును కూడబెట్టి కిందికి పంపుతాం.

సభ ముగిసింది, టీలు వచ్చాయి. కార్యదర్శిగారు కొత్తగా బదిలీ మీద వచ్చిన కుర్రాడు, ఇంకా పద్ధతులు తెలియవు. సర్పంచిగారి చెవిలో మెల్లగా అన్నాడు.

“మన ఎగువూరు వాళ్లు కూడా నిన్న ఇదే తీర్మానం చేశారండీ. వాళ్లదీ పంట కాలవలోకేనటండీ. మన మంచినీళ్ల చెరువు తూము కన్నా అరకిలోమీటరు పైన.”

సర్పంచిగారు టీ గ్లాసు కింద పెట్టారు.

“వాళ్లకసలు సిగ్గుందా! కలెక్టరుగారికి అర్జీ రాయండి. ఇప్పుడే రాయండి. వాళ్లకు హోదా ఏదైనా ఇచ్చారా?”

“ఆయ్. ఉత్కృష్టేనండీ. మనకంటే నెల ముందే వచ్చింది.”